నీళ్లేవి బిడ్డా

కంటి ఆపరేషన్ అయినవాళ్లను కొన్నాళ్లు పేపరు చదవొద్దంటారు. మా నాయినకు ఆ కొన్నాళ్లు ఆగస్టులో పడ్డాయి. అంటే కృష్ణకు పైనుంచి నీళ్లొచ్చే రోజుల్లో. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద తూములు, గేట్లు చూసుకునే లష్కర్‌గా ముప్పై ఏళ్లు చేసిన మనిషి. రిటైరై పదేళ్లు దాటినా పొద్దున్నే శ్రీశైలం ఎంత, సాగర్ ఎంత అని చూడందే ఆయనకు చాయ్ గొంతు దిగదు. పార్టీల వార్తలు, సినిమా వార్తలు, చివరికి ఊళ్లో చావు కబుర్లు కూడా ఆ తర్వాతే.

అందుకని హైదరాబాదు కొత్తగూడలో మా ఐదో అంతస్తు బాల్కనీలో కూర్చుని చదివి వినిపించే పని నా మీద పడింది. ఎదురుగా బొటానికల్ గార్డెన్ చెట్లు. వాటికి ఇవతల 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్, దాని మీద ఎనిమిదింటికే బారులు తీరిన కార్లు. నేను చదువుతుంటాను: శ్రీశైలానికి ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత, మట్టం 885 అడుగులకు గాను ఇంత. సాగర్ 590కి గాను ఇంత. నాయిన కళ్లు మూసుకుని వింటాడు. మూడో రోజుకు ఆయనకు విసుగొచ్చింది. నిన్నటిది మళ్లీ చెప్పమంటాడు, మొన్నటిది చెప్పమంటాడు. పేపర్లో అయితే వేలు పెట్టి చూసుకునేవాడు. చెవిలో పడ్డ అంకెను పట్టుకుని కూర్చోవడం ఎవరి తరం?

నా ఉద్యోగం చూడబోతే గ్రాఫులు గీయడమే. కార్డు మీద పేరు వేరే ఏదో ఉంటుంది గానీ, ఎవరో అమ్మిన సరుకునూ ఎవరో మానేసిన చందాలనూ గీతలుగా మార్చి సోమవారం మీటింగుకు అందించడమే పని. ఇంట్లో ఏనాడూ అక్కరకు రాని విద్య. ఆ రోజు వచ్చింది. పాత పేపర్లు ముందేసుకుని పది రోజుల అంకెలు ఎక్కించి, పైథాన్‌లో రెండు గీతలు గీశాను. వచ్చే నీళ్లకు ఒకటి, పోయే నీళ్లకు ఒకటి. ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి చూడమన్నాను.

చాలాసేపు చూశాడు. మంచిగుందన్నాడు. కాసేపాగి, "నీళ్లేవి బిడ్డా?" అన్నాడు.

"అవే కద నాయినా, రెండు గీతలూ నీళ్లే."

"ఇది వచ్చుడు, అది పోవుడు. మరి ఉన్నదేది?"

పదేళ్లుగా గీతలు గీస్తున్నదాన్ని. ఆ ప్రశ్న నన్ను ఏ మేనేజరూ అడగలేదు. నిజమే, క్యూసెక్కు నీళ్ల లెక్క కాదు, పరుగు లెక్క. సెకనుకు ఒక ఘనపుటడుగు. ఎంతసేపు పరుగెత్తిందో చెప్పకపోతే ఎన్ని నీళ్లో తేలదు. వచ్చేదానికీ పోయేదానికీ లక్ష క్యూసెక్కుల తేడా ఉండి, అది రోజంతా నిలిస్తే జలాశయంలో 8.64 టీఎంసీలు చేరతాయి. 11,574 క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు పారితే ఒక టీఎంసీ. గ్రాఫులో ఆ తేడా నిలువు, ఆ సేపు అడ్డం. రెండూ కలిస్తే గీతల నడుమ ఖాళీగా పడున్న జాగా. అంటే నేను ఒడ్లు రెండూ గీసి నది వేయడం మరిచాను.

అది వేయడానికి ప్రోగ్రాములో ఒక్క వరుస చాలు. పైథాన్‌లో గ్రాఫులు గీసే పనిముట్టు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో 'ఫిల్ బిట్వీన్' అని ఒక ఆదేశముంది. రోజులు ఇవ్వాలి, పై గీత ఇవ్వాలి, కింది గీత ఇవ్వాలి. నడుమ రంగు నింపుతుంది. 'ఆల్ఫా' విలువ తగ్గిస్తే రంగు పలచబడి వెనక గళ్లు కనపడతాయి. నేను 0.3 పెట్టాను, నీలం. "ఇగో, ఇప్పుడు గనబడ్డయ్," అన్నాడు నాయిన కుర్చీ ముందుకు జరుపుకుని.

(ఈ పనిముట్టును మొదట చేసినాయన జాన్ హంటర్. నాడీశాస్త్రం చదివినవాడు. మూర్ఛరోగుల మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను తెర మీద చూసుకోవడానికి తన అవసరం కొద్దీ రాసుకుని, 2003లో అందరికీ ఉచితంగా వదిలాడు. 2012లో పోయాడు. మా ఐటీ కారిడార్‌లో రోజుకు ఎన్ని మీటింగులు ఆయన పుణ్యాన నడుస్తాయో ఎవరు లెక్కపెట్టాలి!)

జలాశయమంటేనే రెండు గీతల నడుమ జాగాను పుట్టించే యంత్రం అని నాకు ఆ నీలం చూశాకే తట్టింది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద 1920 నాటికి ఉస్మాన్‌సాగర్ (జనం నోట గండిపేట), 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టారు. పైనుంచి వచ్చే గీత ఎంత నిటారుగా లేచినా, కిందికి వదిలే గీత చదునుగా ఉండాలి. నడుమ మిగిలిన నీళ్లన్నీ కట్ట వెనక ఉండాలి. గండిపేట నీళ్లు తాగిన ఊరు మాది అని గొప్పగా చెప్పుకునేవాళ్లు తాగింది ఆ నడుమ జాగానే.

ఇక్కడిదాకా సాఫీగా నడిచింది. తర్వాత నాకు ఆశ పుట్టింది. నిండుతున్న రోజులకు నీలం, తగ్గుతున్న రోజులకు ఎరుపు వేద్దామనుకున్నాను. ఆ ఆదేశానికి 'వేర్' అని ఒక షరతు జత చేయొచ్చు. రాక ఎక్కువున్న చోట ఈ రంగు, పోక ఎక్కువున్న చోట ఆ రంగు. నీలం వచ్చింది, ఎరుపూ వచ్చింది. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట మాత్రం ఏ రంగూ అంటని తెల్లటి ముక్కలు రెండు మిగిలాయి. రెండు ముక్కోణాలు మొనకు మొన ఆనించి నిలబడ్డట్టు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు ఈ తెల్ల ముక్కోణాలు పాత చుట్టాలు. ప్రోగ్రాముకు తెలిసినవి మనం ఇచ్చిన చుక్కలే. లెక్క సులువుగా ఉండేందుకు మా అంకెలనే గుండ్రం చేసి చెబుతాను. సాయంత్రం ఆరింటికి రాక మూడు లక్షలు, పోక రెండున్నర. తెల్లారి ఆరింటికి రాక 2.4 లక్షలు, పోక 2.8. మొదటి చుక్క దగ్గర షరతు నిజం, రెండో చుక్క దగ్గర అబద్ధం. మధ్యలో పన్నెండు గంటలు ఏ రంగువి? తేల్చే పని దానికి చెప్పలేదు గనుక ఎవరి రంగూ వేయకుండా వదిలేస్తుంది. 'ఇంటర్‌పొలేట్' అనే మాట చేర్చి 'ట్రూ' అంటే, గీతలు ఎక్కడ కలుసుకుంటాయో లెక్కగట్టి అక్కడిదాకా ఒక రంగు, అక్కడినుంచి ఇంకో రంగు నింపుతుంది. పై అంకెలకైతే ఆ చోటు రాత్రి 12 గంటల 40 నిమిషాలు.

ఆఫీసులో నేను ఈ మాట కొన్ని వందలసార్లు చేర్చి ఉంటాను. తెల్లమచ్చ కనపడగానే చెయ్యి దానంతట అదే కొట్టేస్తుంది, అంగీ మీద దారప్పోగు దులిపినట్టు. ఆ రోజు దులపబోతుంటే నాయిన ఆగమన్నాడు. ఆ తెల్లగున్నదేందని అడిగాడు. రాత్రి ఎప్పుడో రాకా పోకా సమానమయ్యాయని, ఎప్పుడో ఎవరూ రాసిపెట్టలేదని చెప్పాను.

"అదే గదనె అసలు టైము."

అప్పుడు చెప్పాడు. ఇంజనీరింగు చదివిన నాకు, ఏడో తరగతి చదివిన మా నాయిన. "మన చెరువు మత్తడి ఎప్పుడు జోరుగ దుంకుతది? వాన కొడ్తున్నప్పుడా? వాన ఎలిసినంక." వాన తెరిపిచ్చిందని జనం గొడుగులు మూస్తారు. వాగు తగ్గుముఖం పట్టిందని కట్ట మీదినుంచి ఇళ్లకు పోతారు. చెరువు మాత్రం ఇంకా నిండుతూనే ఉంటుంది. వాగు తగ్గింది నిజమే, కానీ మత్తడి మీదుగా పోతున్నదానికంటే ఇంకా ఎక్కువే వస్తోంది. వచ్చేది తగ్గి తగ్గి, పోయేదానితో సమానమైన ఆ ఘడియలోనే మట్టం అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. కట్ట తెగితే అప్పుడే తెగాలి. అందుకని పెద్దమనుషులు నీళ్ల అంచున ఒక పుల్ల గుచ్చి, లాంతరు పెట్టుకుని కూర్చునేవాళ్లట. పుల్ల మునుగుతుంటే ఇంకా కూర్చోవాలి. నీళ్లు పుల్లను వదిలి కిందికి జారితే పోయి పడుకోవచ్చు.

నేను గీతల వంక చూశాను. ఇన్‌ఫ్లో శిఖరం ఎక్కడో ఎడమ పక్కనుంది. ఆఫీసులో అయితే ఆ శిఖరానికి బాణం గుర్తు పెట్టి, లావు అక్షరాలతో అంకె వేసేదాన్ని. జలాశయం నిండా నిండింది అక్కడ కాదు. నీలం ఆగి ఎరుపు మొదలయ్యే చోట. ఆ చోటునే నా ప్రోగ్రాము తెల్లగా వదిలింది, నా చెయ్యి దులిపేయబోయింది. గేట్లు లేని మత్తడికైతే పోయే గీత శిఖరం కూడా సరిగ్గా వచ్చే గీత మీదే కూర్చుంటుందని జలశాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకం నేను పరీక్ష కోసం చదివాను.

2009 అక్టోబరు గుర్తొచ్చింది. శ్రీశైలానికి ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన రోజులు. కర్నూలు మునిగింది. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. టీవీలో వరద తగ్గుతోందని అక్షరాలు పరుగెడుతుంటే సంతోషంగా నాయినకు ఫోన్ చేశాను. "వరద సంగతి ఇడిసిపెట్టు, మట్టం ఏమంటున్నరు?" అన్నాడు. నాకు కోపమొచ్చింది, మంచి కబురు చెబితే ఇదా మాట అని. 885 అడుగుల జలాశయంలో మట్టం 896 అడుగులు దాటింది ఆ వరదలోనే. ఆయన అడిగింది నీలం ఎక్కడ ఆగిందని. నేను చెప్పింది పై గీత వంగిందని.

రెండు గీతల నడుమ రంగు నింపే పని కంప్యూటరు కంటే చాలా పాతది. 1786లో స్కాట్లండువాడు విలియం ప్లేఫెయిర్ వేసిన అట్లాసులో ఇంగ్లండుకు డెన్మార్క్, నార్వేలతో జరిగిన వ్యాపారం పటముంది. దిగుమతుల గీత ఒకటి, ఎగుమతుల గీత ఒకటి. 1750ల నడుమ అవి ఒకదాన్నొకటి దాటుతాయి. దాటకముందు జాగాకు ఒక రంగు, అది ఇంగ్లండుకు ప్రతికూలమని పేరు. దాటాక ఇంకో రంగు, అనుకూలమని పేరు. రాగిరేకు మీద చెక్కి అచ్చేసి, రంగులు చేత్తో అద్దారు. నేను టీవీ మీద వేసిన నీలం, ఎరుపు అచ్చం అవే. రెండు వందల ముప్పై ఏళ్లు దాటినా మేం కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదన్నమాట, రంగు చేతికి అంటకపోవడం తప్ప.

అదే అట్లాసులో ఈస్టిండీస్ వ్యాపారానికి కూడా పటముంది. అది చూస్తే నాకు కడుపులో ఏదో కదులుతుంది. దిగుమతుల గీత పైన, ఎగుమతులది కింద. ఆ నడుమ జాగాలో చైనా టీ ఉంది, పట్టు ఉంది, మన నేత బట్టలున్నాయి. 1611లోనే ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొట్టు పెట్టింది ఆ బట్టల కోసమే. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టిన నల్లరంగుతో ముందు గీతలు వేసి, తర్వాత వాటి నడుమ చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం నింపిన బట్టలు. ప్లేఫెయిర్ రంగు నింపిన జాగాలో మనవాళ్లు రంగు నింపిన గుడ్డలు! దిగుమతి ఎక్కువైతే దేశానికి నష్టమని ఆ కాలపు లెక్క. 1765లో బెంగాల్ దివానీ, మన ఉత్తర సర్కారుల ఫర్మానా రెండూ కంపెనీ చేతికొచ్చాక, బెంగాల్ శిస్తు సొమ్ముతోనే బెంగాల్ సరుకు కొని ఓడలకెత్తారు. అప్పుడు ఆ జాగా ఎవరి నష్టం? దాదాభాయి నౌరోజీ ఒక జీవితకాలం అడిగింది ఇదే. జాగా అంతే ఉంటుంది. దానికి పేరు పెట్టే చెయ్యి ఎవరిదన్నదే తగువు.

ఆ ఈస్టిండీస్ పటంలోనే కంటిని మోసం చేసే సంగతి ఇంకోటి ఉంది. 1980లలో విలియం క్లీవ్‌లండ్ అనే గణాంకవేత్త దాన్ని పట్టి చూపించాడు. 1760 దాటిన వెంటనే దిగుమతి, ఎగుమతుల తేడా ఒక్కసారిగా పెరిగి మళ్లీ తగ్గింది. పటంలో ఎంత చూసినా అది కనిపించదు. అక్కడ రెండు గీతలూ నిటారుగా ఎక్కుతుంటాయి. తేడా చూడాల్సింది నిలువుగా. మన కన్ను మాత్రం ఒక గీత నుంచి రెండోదానికి దగ్గరి దారి వెతుక్కుంటుంది. నమ్మకపోతే మీ అపార్టుమెంటు మెట్ల రెయిలింగు చూడండి. నిలువు కడ్డీలన్నీ ఒకే పొడవు. అయినా మెట్లెక్కే చోట పై కమ్మీ, కింది కమ్మీ దగ్గరికొచ్చినట్టుంటాయి, చదునుగా ఉన్న చోట దూరం జరిగినట్టుంటాయి. వరద గ్రాఫులో ఈ మోసం జరిగేది సరిగ్గా వరద పెరిగే చోటే. నీళ్లు అన్నిటికంటే వేగంగా చేరుతున్న గంటల్లో నీలం సన్నటి పట్టీలా కనపడుతుంది. రంగు నింపితే కొంత నయం, పూర్తిగా కాదు. అందుకని కింద ఇంకో చిన్న గ్రాఫు పెట్టి తేడా ఒక్కదాన్నే విడిగా గీశాను. నాయిన దాన్ని పట్టించుకోలేదు. ఆయన కన్ను పై గ్రాఫులో నీలాన్నే చూస్తోంది.

అదీ ఒక కన్నే. ఆపరేషన్ అయిన కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూసి నవ్వాడు. శుక్లం పొర పసుపుబారి, నీలాన్ని కొంత మింగేస్తుంది. అది తీసేశాక నీలం కొత్తగా కనిపిస్తుంది. "ఈ కంటికి నీలం. ఆ కంటికి మడ్డి." అంతటితో ఆగలేదు. "అయినా వరద నీళ్లకు నీలమెందుకేసినవ్? కొత్తనీళ్లు ఎర్రగుంటయి గద."

నాకు ఎరుపంటే నష్టం, ప్రమాదం, తగ్గుదల. ఆఫీసులో ఎర్ర అంకె కనపడితే ఎవరికో మెయిలు పోతుంది. ఆయనకు ఎరుపంటే కాల్వలోకి మొదటి నీళ్లు దిగిన పొద్దు. నార్లు పోసుకోండని ఊరూరా కబురు వెళ్లే పొద్దు. ఎండాకాలమంతా కాల్వ అడుగున తేటగా, నీలంగా కనపడేది మడుగుల్లో మిగిలిన నీళ్లే. రంగులు తారుమారు చేశాను. నిండేదానికి ఎరుపు, తగ్గేదానికి నీలం. మా టీమ్‌లో ఎవరైనా చూస్తే రివ్యూలో తిప్పి పంపేవాళ్లు.

ఆ వారమే బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. వాతావరణ శాఖ 2009 నుంచి తుపాను దారితో పాటు ఒక శంకువు కూడా వేసి చూపిస్తోంది. ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే నీడ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేముందు దాన్ని టీవీలో చూసినవాళ్లు చాలామంది అదే తుపాను సైజనుకున్నారు, రాను రాను తుపాను లావవుతుందని. అది తుపాను మధ్యభాగం ఎక్కడెక్కడ ఉండొచ్చో చెప్పే వెడల్పు. రేపటి సంగతి కొంచెం తెలియదు, ఎల్లుండిది ఇంకా తెలియదు, అంతే. నేను ఇలాంటివి వేసేదీ అదే ఫిల్ బిట్వీన్‌తోనే. పై అంచు ఇస్తే, కింది అంచు ఇస్తే నింపేస్తుంది. నింపుతున్నది నీళ్లా, మన తెలియనితనమా అని దానికి పట్టింపు లేదు. నాయినకు ఇది చెబితే ముచ్చటపడ్డాడు. తెల్వదని కూడా బొమ్మేసి చెప్తరా అన్నాడు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఆయనకు ఇలాంటి బొమ్మేదీ లేకుండా, కుర్రతనంలో రేడియోలో విన్న కబురు.

ఆ తర్వాత వారానికి కన్ను బాగానే కుదురుకుంది. ఊరికి బయల్దేరుతూ గ్రాఫు కాగితం మీద కావాలన్నాడు, చాయ్ హోటల్లో చూపించడానికి. కింద జంక్షన్ దగ్గర, హాస్టళ్ల సందులో జిరాక్స్ షాపుంది. కలర్ ప్రింటు పది రూపాయలు, మామూలుది మూడు. నేను ఫోన్లో డబ్బులు కొట్టేలోపే నాయిన మూడు రూపాయలు చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టేశాడు. కాగితం బయటికొచ్చింది. ఎరుపు బూడిద రంగైంది, నీలమూ బూడిద రంగైంది. పక్కపక్కనే రెండూ ఒకే బూడిద. ఎక్కడ నిండిందో, ఎక్కడ తగ్గిందో తెలియట్లేదు. గీతలు కలిసే చోటు కూడా మాయమైంది. కలర్‌లో ఇంకోటి తీయిస్తానన్నాను. పెన్ను ఇమ్మన్నాడు.

షాపు గాజు బల్ల మీద కాగితం పరిచి, ఎడమ పక్క బూడిదలో 'నిండె' అని రాశాడు. కుడి పక్క 'తగ్గె' అని రాశాడు. రెండింటి నడుమ వెతికి ఒక చుక్క పెట్టాడు. ఎంత టైము వచ్చిందని అడిగాడు. రాత్రి పన్నెండు నలభై అన్నాను. ఒకసారి నా మొహంలోకి చూసి, చుక్క పక్కన 'రాత్రి ఒంటిగంట, సుమారు' అని రాసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.